పైన పటారం చాలదు: పాత పికప్ బెంచి సీటు బాగుచేతపై ఒక సమీక్ష

అమెరికాలో పాత పికప్ ట్రక్కు కొన్నవాళ్లు మొదట ఇంజన్ సంగతి చూస్తారు, తర్వాత రంగు సంగతి. సీటు వంతు వచ్చేసరికి డబ్బు, ఓపిక రెండూ అడుగంటి ఉంటాయి. అప్పుడు ఒక రెడీమేడ్ కవరు తెప్పించి, చిరిగిన పాతదాని మీదే తొడిగేసి పని అయిందనుకుంటారు. కొన్నాళ్లకే డ్రైవరు కూర్చునే చోట గుంట పడుతుంది. ఎక్కిదిగేటప్పుడు ఒరుసుకునే ఎడమ అంచున కుట్టు విడుతుంది. కవరు నాసిరకమని తిట్టుకుంటారు గానీ, తప్పు చాలాసార్లు కవరుది కాదు. నులక సడలిన మంచం మీద ఎంత మంచి పరుపు పరిచినా నడుము కిందికే పోతుంది. బెంచి సీటు కథా అంతే.

పాత పికప్ సీటు బాగుచేయడం గురించి సలహాలకు కొదవ లేదు. తోలా వినైలా, అసలు రూపమే ఉంచాలా కొత్త హంగులు పెట్టాలా, సొంతంగా కుట్టుకోవాలా దర్జీకి ఇవ్వాలా అని వాదనలు సాగుతూనే ఉంటాయి. వాటిలో చాలావరకు సీటు పైపొర చుట్టూ తిరిగేవే. ఈ ప్రశ్నను కింది నుంచి పైకి, అంటే ఫ్రేము నుంచి కవరు దాకా, ఒక వరసలో పెట్టి చూస్తే ఏ నిర్ణయం ముందో ఏది తర్వాతో తేలుతుంది.

ముగ్గురి బల్ల

1947లో షెవ్రొలే 'అడ్వాన్స్ డిజైన్' ట్రక్కులను దించింది. క్యాబ్‌ను వెడల్పు చేసి ముగ్గురు పక్కపక్కన కూర్చోవచ్చని గట్టిగా ప్రచారం చేసుకుంది. మరుసటి ఏడాది ఫోర్డ్ తన ఎఫ్ సిరీస్‌ను 'మిలియన్ డాలర్ క్యాబ్' అన్న పేరుతో అమ్మింది. పోటీ అంతా క్యాబ్ మీదే, క్యాబ్ అంటే ముఖ్యంగా ఆ ఒక్క బల్లే. మూడు గేర్ల కర్ర నేల మీది నుంచి స్టీరింగ్ కాలమ్ మీదికి ఎక్కడంతో మధ్యలో కూర్చునేవాడి మోకాళ్లకు చోటు దొరికింది. బరువు పనులకు నాలుగు గేర్ల బండి తీసుకున్నవాళ్లకు ఆ భాగ్యం లేదు. కర్ర నేల మీదే ఉండేది, మధ్యవాడు కాళ్లు అటొకటి ఇటొకటి వేసుకోవాల్సిందే.

అప్పటి సీటు పనివాడి సామాను. బురద బట్టలతో ఎక్కినా తడిగుడ్డతో తుడిస్తే పోవాలి, అంతే. 1960ల్లో ఈ లెక్క మారింది. 1965లో ఫోర్డ్ 'రేంజర్' పేరుతో బకెట్ సీట్లు పెట్టింది. 1967లో షెవ్రొలే 'కస్టమ్ స్పోర్ట్ ట్రక్' వచ్చింది, 1971లో 'షయెన్' వచ్చింది. పొలానికి వెళ్లే బండి ఆదివారం చర్చికీ వెళ్లడం మొదలుపెట్టింది. సీటు మీద రంగులు, గళ్లు, నేత గుడ్డ కనిపించసాగాయి. కాబట్టి 'పాత పికప్ సీటు' అని ఒకే వస్తువు లేదు. 1950 నాటి బండికి గళ్ల గుడ్డ వేసినా, 1972 నాటి షయెన్‌కు బొత్తిగా నునుపు రెగ్జిన్ వేసినా, తెలిసినవాడి కంటికి ఎక్కడో అతకనట్టు ఉంటుంది.

మూడు దారులు

మొదటి దారి ఉన్నదాన్ని ఉన్నట్టే కాపాడటం. పాత బండ్ల ప్రపంచంలో అందరూ చెప్పుకునే మాట ఒకటుంది: బండి అసలుగా ఉండేది ఒక్కసారే. అమెరికాలో 1935లో పుట్టిన పాత కార్ల సంఘం, ఏఏసీఏ, కంపెనీ నాటి భాగాలు చెక్కుచెదరకుండా ఉన్న బండ్లకు వేరే తరగతే పెట్టింది. అరిగినా అసలైన కవరు మిగిలి ఉంటే దాన్ని విప్పి, కింద భాగాలు బాగుచేసి, అదే కవరు మళ్లీ తొడగడం ఈ దారి. చూడ్డానికి చిన్న పనిలా ఉన్నా అన్నిటికంటే కష్టమైనది ఇదే. ఎండి బిరుసెక్కిన వినైల్ చేతిలోనే పగులుతుంది.

రెండో దారి కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా తిరిగి చేయడం. షెవ్రొలే, ఫోర్డ్‌లలో పేరున్న మోడళ్లకు పాత నమూనా ప్రకారం కవర్లు, ఫోమ్ తయారుచేసి అమ్మే సంస్థలు అమెరికాలో చాలానే ఉన్నాయి. కానీ తక్కువ అమ్ముడైన డాడ్జ్, ఇంటర్నేషనల్, స్టూడిబేకర్ బండ్లవాళ్లకు ఆ సౌకర్యం తక్కువ.

మూడోది మార్చుకోవడం. బయటి రూపం పాతదిగానే ఉంచి లోపల కొత్త ఫోమ్, మెరుగైన బెల్టులు, వేడి పలకలు పెట్టడం దగ్గర నుంచి, బల్లనే తీసేసి కొత్త ట్రక్కు సీటు బిగించడం దాకా అన్నీ ఇందులోకే వస్తాయి. బండి రోజూ నడిపేవాళ్లు ఎక్కువగా ఇటే మొగ్గుతారు. అందులో తప్పేమీ లేదు. చిక్కల్లా ఏ దారో తేల్చుకోకుండా పని మొదలుపెట్టడంలోనే ఉంది. సగం పని అయ్యాక మనసు మార్చుకుంటే ఒకే సీటుకు రెండు సీట్ల ఖర్చు అవుతుంది.

విప్పడం: ఎలుకలు, తుప్పు, స్ప్రింగులు

ఏళ్లతరబడి కొట్టంలో పడి ఉన్న ట్రక్కు సీటు విప్పితే మొదట కనిపించేది ఎలుక గూడు. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1993లో అమెరికా నైరుతి ప్రాంతంలో బయటపడిన హంటావైరస్ శ్వాసకోశ వ్యాధి డీర్ మౌస్ అనే ఎలుక మూత్రం, పెంటికల ధూళి పీల్చడం వల్లే ఎక్కువగా సోకుతుంది. చీపురుతో ఊడ్చడం, వాక్యూమ్ పెట్టడం ప్రమాదం. గాలి ఆడనిచ్చి, బ్లీచింగ్ నీళ్లు చల్లి, పూర్తిగా తడిశాక చేతి తొడుగులతో తీయాలి. ఈ మాట కవరు అమ్మేవాళ్లు చెప్పరు.

విప్పేటప్పుడు కవరును ముక్కలుగా చింపి పారెయ్యకూడదు. ప్రతి పొర ఫోటో తీసుకోవాలి. కుట్లు విప్పిన పాత ముక్కలే కొత్త కవరుకు కొలతలు.

కవరును ఫ్రేముకు పట్టి ఉంచేవి 'హాగ్ రింగులు'. సి ఆకారపు తీగ ముక్కను ప్రత్యేకమైన పటకారుతో నొక్కితే చుట్టూ మూసుకుంటుంది. నేల తవ్వకుండా పంది ముక్కుకు వేసే కడియం నుంచి వచ్చింది ఆ పేరు. మనం ఎద్దుకు ముకుతాడు వేస్తాం, వాళ్లు పందికి ముక్కు కడియం వేశారు. అదే కడియం సీటు తయారీలోకి వచ్చి స్థిరపడిపోయింది. కవరు అంచులో కుట్టిన సన్నని గొట్టంలాంటి గుడ్డలో తీగ దూర్చి, ఆ తీగను ఫ్రేముకు రింగులతో కట్టేస్తారు. తీగ మర్చిపోతే రింగు వినైల్‌ను చీల్చుకుని బయటికొస్తుంది.

కవరు కింద దూది పొర, దాని కింద గోనెపట్ట, ఆ కింద స్ప్రింగులు. అమెరికా వాళ్లు 'బర్లాప్' అనేది మన గోనెపట్టనే. మంచి జనపనార పండేది మన ఉపఖండంలోనే. భీమునిపట్నం రేవు నుంచి వెళ్లిన గోగునారకు ప్రపంచ వ్యాపారంలో 'బిమ్లీ జూట్' అని పేరు స్థిరపడింది. గోనెపట్ట చేసే పని చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అది లేకపోతే స్ప్రింగు తీగలు ఫోమ్‌లోకి కోసుకుంటూ దిగిపోతాయి. కొత్త ఫోమ్ వేసి గోనెపట్ట మానేసిన సీట్లే త్వరగా కూలబడేది.

స్ప్రింగులు ప్రధానంగా రెండు రకాలు. పాత బండ్లలో ఎక్కువగా చుట్ట స్ప్రింగులు: శంఖంలా చుట్టిన తీగలు వరసలుగా నిలబెట్టి, పైన ఒకదానికొకటి కట్టి ఉంటాయి. తర్వాతివాటిలో పాము మెలికల్లా వంచిన జిగ్‌జాగ్ తీగలు వచ్చాయి. విరిగిన తీగ ఒక్కటే మార్చడం, సాగిన తీగను తిరిగి బిగించడం, ఫ్రేము పగిలిన చోట వెల్డింగ్ చేయడం, తుప్పు గోకి రంగు వేయడం: ఈ నాలుగూ చౌక పనులే. సీటు ఆయువును ఎక్కువగా పెంచేవీ ఇవే. అందంగా కనబడవు కాబట్టి మొదట ఎగ్గొట్టేదీ వీటినే. స్ప్రింగులు తీసేసి ఆ ఖాళీ అంతా మందపాటి ఫోమ్‌తో నింపేసేవాళ్లూ ఉన్నారు. అడ్డంగా నవారు గట్టిగా అల్లితే తప్ప ఆ ఫోమ్‌కు ఆధారం ఉండదు.

ఫోమ్: రెండు అంకెల తికమక

కొత్త సీట్లలో దూదికి బదులు వచ్చింది ఫోమ్. 1929లో బ్రిటన్‌లో డన్‌లప్ పరిశోధకులు రబ్బరు పాలను గిలకొట్టి లేటెక్స్ నురగ చేశారు. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం పాలీయురేథేన్ కనిపెట్టింది. దాని మెత్తటి నురగ 1950ల నడిమి నుంచి బజారులోకి వచ్చింది. దశాబ్దాల పాటు వేడి, తేమ, గాలి తగిలి ఈ నురగే పసుపు పొడిగా రాలిపోతుంది. సీటు కింద నేల మీద పసుపు చల్లినట్టు కనబడితే అర్థం అదే.

ఫోమ్ కొనేటప్పుడు చాలామంది పొరబడేది సాంద్రత, గట్టితనం ఒకటేననుకోవడంలో. సాంద్రత అంటే అంత పరిమాణంలో ఎంత పదార్థం ఉందనేది, అంటే మన్నిక. అమెరికాలో ఘనపు అడుగుకు పౌండ్లలో చెబుతారు. మన దుకాణాల్లో '32 డెన్సిటీ', '40 డెన్సిటీ' అనేది ఘనపు మీటరుకు కిలోల్లో. ఘనపు అడుగుకు ఒక పౌండు అంటే ఘనపు మీటరుకు సుమారు 16 కిలోలు, అంటే వాళ్ల రెండున్నర పౌండ్ల ఫోమ్ మన 40 డెన్సిటీతో సమానం. గట్టితనానికి వేరే అంకె ఉంది, ఐఎల్‌డీ అంటారు. నాలుగు అంగుళాల మందం ముక్కను 50 చదరపు అంగుళాల గుండ్రటి పలకతో పావు వంతు నొక్కడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో అదే ఆ అంకె. మెత్తగా ఉండి పదేళ్లు మన్నే ఫోమ్ ఉంటుంది, రాయిలా ఉండి రెండేళ్లలో చదునయ్యేదీ ఉంటుంది. రెండు అంకెలూ అడగకుండా కొంటే అదృష్టం మీద ఆధారపడినట్టే. కూర్చునే చోట గట్టిది, వెన్ను దగ్గర కాస్త మెత్తది, అంచుల్లో అన్నిటికంటే గట్టిది వేయాలి. ఎక్కిదిగేటప్పుడు బరువు పడేది ఆ అంచు మీదే.

ఇంకొక లెక్క ఎత్తుది. పాత ట్రక్కుల స్టీరింగ్ చక్రం పెద్దది, ఎత్తు మార్చే వీలు లేనిది. రెండు అంగుళాల ఫోమ్ ఎక్కువైతే తొడలు చక్రానికి తగులుతాయి, తల కప్పుకు తగులుతుంది. అందుకే కవరు తొడగకముందే స్ప్రింగు, గోనెపట్ట, ఫోమ్ పేర్చి, సీటును బండిలో పెట్టి కాసేపు కూర్చుని చూడాలి. తప్పు దిద్దుకోవడానికి అదే ఆఖరి అవకాశం.

పైపొర

1926లో అమెరికాలో బి.ఎఫ్. గుడ్‌రిచ్ సంస్థలో వాల్డో సెమన్, లోహానికి రబ్బరు అంటించే జిగురు కోసం వెతుకుతూ పీవీసీని మెత్తబరిచే పద్ధతి కనుక్కున్నాడు. సీటు వినైల్‌కు మూలం అదే. కనెక్టికట్ రాష్ట్రంలోని నాగటక్ ఊరి నుంచి 'నాగహైడ్' అన్న పేరు వచ్చింది. 'నాగా' అనే ఊహాజంతువు తన తోలు తానే విడిచి ఇస్తుందన్న 1960ల ప్రకటనలు అక్కడ అందరికీ తెలుసు. మన నోట 'రెగ్జిన్'గా మిగిలిన మాట కూడా ఒక బ్రిటిష్ కంపెనీ సరుకు పేరే.

వినైల్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి రసాయనం ఎండకు, వేడికి మెల్లగా వెళ్లిపోతుంది. అప్పుడది బిరుసెక్కి పగులుతుంది. పగిలిన వినైల్‌కు మందు లేదు, మార్చడమే. అయినా తుడుచుకోవడానికి, తడికి, పాత పికప్ స్వభావానికి దీన్ని మించింది లేదు. లోపమల్లా వేడి. రోహిణి కార్తెలో ఎండలో నిలిపిన బండి సీటు మీద కూర్చున్నవాళ్లకు టెక్సాస్, అరిజోనా వేసవి గురించి వేరే చెప్పక్కర్లేదు. నేత గుడ్డ చల్లగా ఉంటుంది గానీ మరకలు తాగుతుంది. అందుకే కూర్చునే చోట గుడ్డ, అంచుల్లో వినైల్ వేసే పాత పద్ధతి ఇప్పటికీ తెలివైనదే. తోలు అందం, వాసన వేరు. కానీ 1950ల పొలం బండికి కంపెనీ తోలు వేయలేదు. వేస్తే అది మీ ఇష్టమే తప్ప పునరుద్ధరణ అనకూడదు. సోఫా గుడ్డ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. 1972 సెప్టెంబరు 1 నుంచి అమెరికాలో వాహనం లోపలి వస్తువులు నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి వేగంగా కాలకూడదని నియమం ఉంది. పాత బండికి చట్టం వర్తించకపోయినా, ఆ ప్రమాణానికి నిలిచే గుడ్డే ఎంచుకోవడం మంచిది. ఎందుకో బెల్టుల దగ్గర చెబుతాను.

కుట్టేదెవరు?

రెడీమేడ్ కవరు చౌక, పైగా ఇంట్లోనే తొడగొచ్చు. ఎండలో పరచి వెచ్చబరిచి, ఫోమ్ మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం వేసి జార్చి, మధ్య గుర్తు నుంచి రెండు చివరలకు లాగుతూ బిగిస్తే ముడతలు తగ్గుతాయి. పొందికగా రావాలంటే ఇద్దరి బలం కావాలి. ఈ కవర్లు కొత్త ఫోమ్ కొలతలకు కోసినవి కాబట్టి, చితికిన పాత ఫోమ్ మీద తొడిగితే వదులుగా వేలాడతాయి.

సొంతంగా కుట్టాలనుకుంటే ఇంట్లో బ్లౌజులు కుట్టే మిషన్ చాలదు. పైపాదం, కింది పళ్లు, సూది మూడూ కలిసి గుడ్డను నడిపించే వాకింగ్ ఫుట్ మిషన్ కావాలి. నూలు దారం కుళ్లిపోతుంది, ఎండ పడే చోట నైలాన్ కంటే పాలిస్టర్ దారం మెరుగు. 1960ల కవర్ల మీద సూది లేకుండా విద్యుత్ వేడితో అచ్చు వేసిన గీతలుంటాయి. వాటిని ఏ దర్జీ కుట్టుతో తేలేడు, అలాంటి చోట కంపెనీ నమూనా కవరే గతి.

మంచి దర్జీ చేతి పనికి సాటి లేదు. పొడవాటి పొట్లకాయలు పక్కపక్కన పేర్చినట్టు ఉబ్బెత్తు గీతలతో కుట్టే 'టక్ అండ్ రోల్' పనికి 1950లు, 60లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు సరిహద్దు దాటి మెక్సికోలోని టిహువానాకు వెళ్లేవారు. చౌకగా, త్వరగా అయ్యేది. లోపల గడ్డి కూరారన్న కథలూ అప్పటివే. కథ నిజమైనా కాకపోయినా నీతి ఒకటే: పైన పటారం, లోన లొటారం. విజయవాడ ఆటోనగర్‌లో లారీ సీటు చేసే కుషన్ వర్క్స్ మేస్త్రీని అడిగినా ఇదే చెబుతాడు. సరుకు బేరం వేరు, కూలి బేరం వేరు. లోపల ఏం వేస్తున్నారో నోటితో చెప్పించుకోవాలి, కవరు మూయకముందు కంటితో చూడాలి.

కొత్త హంగులు: ఏది అవసరం, ఏది ముచ్చట

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బెల్టుల్లాంటి ప్రాణం కాపాడేవి అవసరం, మిగిలినవన్నీ ముచ్చటే.

1960ల షెవ్రొలే, ఫోర్డ్ పికప్పుల్లో చాలావాటికి పెట్రోలు ట్యాంకు ఎక్కడుంటుందో తెలుసా? సీటు వెన్ను వెనకాల, క్యాబ్ లోపలే. షెవ్రొలే దాన్ని బయటికి తీసింది 1973 మోడల్‌తో. సీటు గుడ్డ కాలే వేగం గురించి పైన చెప్పింది ఇందుకే. ట్యాంకు తీయకుండా ఆ పక్కన వెల్డింగ్ చేయడం ప్రాణాలతో చెలగాటం. ట్యాంకును వెనక తొట్టి కిందికి మార్చుకునే సామగ్రి దొరుకుతుంది. సీటు బయటికి తీసిన రోజే ఆ పనికి అనువైన రోజు.

బెల్టు కొక్కెం సీటు ఫ్రేముకు వేయకూడదు. ఆ ఫ్రేము ఢీకొన్నప్పటి బరువు మోయడానికి చేసినది కాదు. కింద దళసరి ఇనుప పలక పెట్టి క్యాబ్ నేలకే బిగించాలి. భుజం మీది బెల్టు కూడా వేస్తే పై కొక్కెం భుజం ఎత్తుకు తగ్గకూడదు, తగ్గితే ప్రమాదంలో వెన్నెముకను కిందికి నొక్కుతుంది. ముందుకు మడిచే వెన్నుకు గొళ్లెం లేకపోతే, దాని వెనక పెట్టిన జాకీ, రెంచీలతో సహా మీద పడుతుంది. తల ఆనే దిండు మాటా ఇంతే. అమెరికాలో తేలిక ట్రక్కులకు అది తప్పనిసరి అయింది 1991 సెప్టెంబరులో. పాత బెంచి వెన్ను భుజాల దగ్గరే ఆగిపోతుంది, దాని వెనక వెంటనే అద్దం. ఎక్కువగా తిరిగే బండికి ఎత్తు వెన్ను కట్టించుకోవడం రూపాన్ని కొంత చెడగొట్టినా మెడను కాపాడుతుంది.

60-40గా విడిపోయే కొత్త ట్రక్కు సీటు బిగించాలా? దానికి ఒక గట్టి కారణం ఉంది. బెంచి మొత్తం ఒకే పట్టా మీద జరుగుతుంది. పొట్టివాళ్లు నడిపితే పక్కన కూర్చున్న పొడుగువాళ్ల మోకాళ్లు డాష్‌బోర్డుకు తగులుతాయి. ఇద్దరూ మార్చిమార్చి నడిపే ఇంట్లో విడి సీటే సుఖం. అలా చేస్తే పాత బెంచిని అమ్మకుండా అటక మీద దాచుకోవాలి. వేడి పలకలు పెట్టేవాళ్లు ముందు బ్యాటరీ చూసుకోవాలి. షెవ్రొలే ట్రక్కులు 1955 మధ్య దాకా, ఫోర్డ్ 1955 దాకా 6 వోల్టులవే. బజారులో దొరికే పలకలు 12 వోల్టులకు చేసినవి.

అన్నిటికంటే చవకైన హంగు మెక్సికో రంగుల చారల దుప్పటి. సీటు మీద పరచి వెనక దోపుకుంటే సరి. దాన్ని ఎగతాళి చేసేవాళ్లున్నారు గానీ, ఫ్రేము, స్ప్రింగులు, ఫోమ్ బాగుచేసి, కవరుకు డబ్బు కుదిరేదాకా దుప్పటి పరుచుకున్నవాడు, కుళ్లిన ఫోమ్ మీద తోలు కప్పినవాడికంటే తెలివైనవాడు.

తేలిందేమిటి?

ఖర్చు వరస ఇలా ఉండాలి: ముందు ఫ్రేము, స్ప్రింగులు, గోనెపట్ట, తర్వాత బెల్టులు, వాటి కొక్కేలు, ఆ తర్వాత ఫోమ్, చివరికి కవరు. డబ్బు తక్కువైతే కింది నుంచి కోత పెట్టకూడదు, పై నుంచి పెట్టాలి. కవరు రెండేళ్ల తర్వాత మార్చుకోవచ్చు. స్ప్రింగు మార్చాలంటే కవరు, ఫోమ్ అన్నీ మళ్లీ విప్పాల్సిందే.

పాత పికప్ కొనబోతే అమ్మేవాడు "సీటు కొత్తగా చేయించాను" అనడం మామూలే. అప్పుడు పైన కుట్టు ఎంత తిన్నగా ఉందో చూడటం ఆపి, తలుపు తీసి, మోకాళ్ల మీద వంగి సీటు కిందికి లైటు వేయండి. తుప్పు గోకిన ఫ్రేము, బిగువుగా ఉన్న స్ప్రింగులు, వాటి మీద కొత్త గోనెపట్ట కనిపిస్తే అతను చెప్పింది నిజం. నేల మీద పసుపు పొడి కనిపిస్తే, ధర మళ్లీ మాట్లాడుకోవాల్సిందే.